క్వాసీ స్టాటిక్ ప్రక్రియ: ఎంత మెల్లగా జరిగితే మెల్లగా జరిగినట్టు?

పర్లాకిమిడి విద్యార్థి:

సభ్యులందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో బీఎస్సీ భౌతిక శాస్త్రం చదువుతున్నాను. తరగతిలో పాఠం ఇంగ్లీషులోనూ మధ్యమధ్య ఒడియాలోనూ సాగుతుంది. ఇంటికి వచ్చాక పాతపట్నంలో కొన్న తెలుగు పుస్తకంతో సరిచూసుకుంటాను. ఈసారి ఉష్ణగతిక శాస్త్రంలో క్వాసీ స్టాటిక్ ప్రక్రియ దగ్గర ఆగిపోయాను.

పిస్టన్ మీద ఇసుక పోసి, ఒక్కొక్క రేణువునే తీస్తూ పోతే లోపలి వాయువు అడుగడుగునా సమతాస్థితిలోనే ఉంటూ వ్యాకోచిస్తుందని, అలాంటి ప్రక్రియకు అనంతమైన కాలం పడుతుందని నా దగ్గరున్న రెండు పుస్తకాలూ చెబుతున్నాయి. అయితే ఒక పుస్తకం దీనికే ఉత్క్రమణీయ ప్రక్రియ, అంటే ఏ నష్టమూ మిగలకుండా వెనక్కి తిప్పగలిగే ప్రక్రియ, అని పేరు పెట్టింది. రెండో పుస్తకం ఉత్క్రమణీయ ప్రక్రియలన్నీ క్వాసీ స్టాటిక్ ప్రక్రియలే గాని, క్వాసీ స్టాటిక్ ప్రక్రియలన్నీ ఉత్క్రమణీయాలు కావని ఒక్క వాక్యంలో తేల్చేసింది, ఉదాహరణ ఇవ్వలేదు. పరీక్షలో ఈ ప్రశ్న తరచుగా వస్తుంది కనుక ఏది రాయాలో తెలియాలి. అంతకంటే ముందు నన్ను వేధిస్తున్న సందేహాలు రెండున్నాయి. సమతాస్థితిలో ఉన్నది మారదు కదా, మరి మారుతున్న వాయువు సమతాస్థితిలో ఎలా ఉంటుంది? అనంత కాలం పట్టే ప్రక్రియ కోసం రాసుకున్న సమీకరణాలను నిమిషానికి వేల సార్లు తిరిగే ఇంజనుకు ఏ ధైర్యంతో వాడుతున్నారు?

జయపురం మాస్టారు:

బాబూ, మొదటి సందేహంతోనే మొదలుపెడతాను, మిగతావన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. సమతాస్థితిలో ఉన్న వాయువు తనంతట తాను మారదన్నది నిజమే. అయితే క్వాసీ స్టాటిక్ ప్రక్రియ అనేది ప్రయోగశాలలో జరిగే సంఘటన కాదు, పీడనానికీ ఘనపరిమాణానికీ గీసిన గ్రాఫు మీద ఒక గీత. ఆ గీత మీది ప్రతి బిందువూ ఒక సమతాస్థితి. అసలు వాయువు ఆ గీత మీద నడవదు. చిన్న కుదుపు తగిలినప్పుడు గీత నుంచి కాస్త తొలగి, సర్దుకుని, మళ్ళీ గీత మీదకు వస్తుంది. కుదుపులను చిన్నవి చేస్తూ పోతే ఆ తొలగడం లెక్కలోకి రానంతగా తగ్గిపోతుంది. సాది కార్నో 1824లో తన ఆదర్శ యంత్రాన్ని ఊహించినప్పుడే ఈ ఆలోచన ఉంది; క్వాసీ స్టాటిక్ అనే పేరును 1909లో గణిత శాస్త్రజ్ఞుడు కారథియోడరీ తన గణిత నిర్మాణంలో వాడాడు.

ఇది మాటలతో కంటే అంకెలతో బాగా తెలుస్తుంది. ఒక మోల్ ఆదర్శ వాయువును 300 కెల్విన్‌ల దగ్గర ఉన్న ఉష్ణాశయానికి (ఎంత వేడి ఇచ్చినా ఉష్ణోగ్రత మారనంత పెద్ద వస్తువుకు) ఆనించి, దాని ఘనపరిమాణం రెట్టింపయ్యే దాకా వ్యాకోచించనిద్దాం. పిస్టన్ మీది బరువును ఒకేసారి సగానికి తగ్గించేస్తే వాయువు చేసే పని 1247 జౌళ్ళు. అదే రెండు విడతలుగా, ప్రతి విడతలోనూ పీడనం ఒకే నిష్పత్తిలో తగ్గేటట్టు చేస్తే 1461 జౌళ్ళు వస్తాయి. పది విడతలకు 1670, వంద విడతలకు 1723. ఎన్ని విడతలు పెట్టినా దాటలేని హద్దు 1729 జౌళ్ళు. వాయు స్థిరాంకాన్ని, ఉష్ణోగ్రతను, రెండు యొక్క సహజ సంవర్గమానాన్ని గుణిస్తే వచ్చేది అదే.

ఇప్పుడు వెనక్కి రండి. వాయువును మళ్ళీ సగానికి కుదించడానికి ఒకేసారి బరువు పెడితే మనం పెట్టవలసిన పని 2494 జౌళ్ళు, అంటే వచ్చినదానికి సరిగ్గా రెట్టింపు. వంద విడతలుగా పెడితే 1735 చాలు. పోయి వచ్చేసరికి మొదటి పద్ధతిలో నష్టం 1247 జౌళ్ళు కాగా రెండో పద్ధతిలో కేవలం 12. అనంత కాలం అనే మాటను చూసి బెదరనక్కర లేదు. అది చేరవలసిన గమ్యం కాదు, లెక్కకు హద్దు; వంద విడతలకే ఆ హద్దుకు సుమారు మూడు వందలలో ఒక వంతు దూరంలోకి వచ్చేశాం.

సునాబేడ ఇంజన్లు:

మాస్టారు చెప్పిన సమోష్ణోగ్రతా వ్యాకోచం, అంటే ఉష్ణోగ్రత మారని వ్యాకోచం, వరకు నాకు అభ్యంతరం లేదు. అయితే యంత్రాల దగ్గర పనిచేసే వాడిగా ఒక మాట అడగాలి. వేడి లోపలికి రాని, బయటికి పోని స్థిరోష్ణక ప్రక్రియ గురించి చెప్పేటప్పుడు అది చాలా వేగంగా జరగాలని, లేకపోతే వేడి గోడల గుండా తప్పించుకుంటుందని అందరూ రాస్తారు. డీజిల్ ఇంజను ఆధారపడేదే ఆ వేగం మీద. 300 కెల్విన్‌ల గాలిని పద్దెనిమిదో వంతుకు నొక్కితే సూత్రం ప్రకారం 950 కెల్విన్‌లు దాటుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. చలికాలం తెల్లవారుజామున బ్యాటరీ నీరసించి ఇంజను మెల్లగా తిరిగితే బండి అందుకోకపోవడానికి కారణం కూడా ఇదే, నొక్కిన వేడి గోడలకు పోతుంది. ఇంత వేగంగా జరగవలసిన ప్రక్రియకు మీ పుస్తకాలు మళ్ళీ క్వాసీ స్టాటిక్ అని పేరు పెట్టి, అనంతంగా మెల్లగా జరగాలంటాయి. ఈ రెండింటిలో ఒకటే నిజం కావాలి.

జయపురం మాస్టారు:

రెండూ నిజమే, ఎందుకంటే అవి రెండు వేర్వేరు గడియారాలతో కొలిచినవి. వ్యవస్థ సర్దుకోవడానికి పట్టే కాలం ఒకటి కాదు. ఏది సర్దుకోవాలన్న దాన్ని బట్టి అది మారుతుంది.

పిస్టన్ కదిలినప్పుడు సిలిండరులో పీడనం అంతటా సమం కావడానికి ధ్వని ఆ చివరి నుంచి ఈ చివరికి పోయినంత సేపు చాలు. పది సెంటీమీటర్ల సిలిండరులో గాలికి అది సెకనులో మూడు వేలవ వంతు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక స్ట్రోకుకు పట్టేది సెకనులో నూరో వంతు, అంటే అంతకు ముప్పై రెట్లు ఎక్కువ. పది సెంటీమీటర్ల స్ట్రోకయితే పిస్టన్ సగటు వేగం సెకనుకు పది మీటర్లు, ధ్వనిది మూడు వందల నలభై. నొక్కుతున్న కొద్దీ వేడెక్కే గాలిలో ధ్వని ఇంకా వేగంగా పోతుంది. కనుక పీడనం దృష్టిలో మీ పిస్టన్ నత్తనడక నడుస్తోంది. మరోవైపు, ఐదు సెంటీమీటర్ల మందం గల నిశ్చలమైన గాలిలో వేడి వాహకత్వంతో మాత్రమే పారాలంటే పది సెకన్లు, అంతకు పైన పడుతుంది. ఇంజనులో గాలి సుడి తిరుగుతుంది కాబట్టి అంత పట్టదు గాని, స్ట్రోకు కాలంతో పోలిస్తే అప్పటికీ ఎక్కువే. ఈ రెండు కాలాల మధ్య ఇమిడిన ప్రక్రియ క్వాసీ స్టాటిక్ కూడా, స్థిరోష్ణకం కూడా. స్టార్టర్ నీరసించి పిస్టన్ మరీ మెల్లగా కదిలినప్పుడు మీరన్నట్టు రెండో గడియారం గెలుస్తుంది, అప్పుడు స్థిరోష్ణకం పోయి క్వాసీ స్టాటిక్ ఒక్కటే మిగులుతుంది.

దీనికి చరిత్రలో నాకు అన్నింటికంటే నచ్చిన ఉదాహరణ ధ్వనిది. న్యూటన్ 1687లో ధ్వని వేగాన్ని లెక్కించినప్పుడు, ఈనాటి మాటల్లో చెబితే, గాలి నొక్కుకోవడాన్ని సమోష్ణోగ్రతా ప్రక్రియగా తీసుకున్నాడు. ఆ సూత్రం సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 280 మీటర్లు ఇస్తుంది, అసలు విలువ 331. లాప్లాస్ 1816లో దాన్ని స్థిరోష్ణకంగా మార్చి, 1.4 వర్గమూలంతో గుణించగానే తేడా పోయింది. ధ్వని తరంగంలో గాలి సెకనుకు వందల సార్లు నొక్కుకుని సడలుతుంది, అయినా అణువులు ఒకదానితో ఒకటి ఢీకొని సర్దుకునే కాలం సెకనులో వెయ్యి కోట్ల వంతు స్థాయిది కనుక ఆ ఊగిసలాట వాటికి అతి మెల్లనిది. మెల్లగా అన్న మాట విన్నప్పుడల్లా దేనితో పోలిస్తే అని అడగాలి.

రాయగడ బాయిలర్:

నేను రాయగడ వైపు ఒక కాగితపు మిల్లులో బాయిలర్ల దగ్గర పనిచేస్తాను, డిప్లొమా చదువు. ఈ చర్చ చదువుతుంటే మా టర్బైన్ గుర్తుకు వచ్చింది. ఆవిరి దాని గుండా సెకనులో చిన్న భాగంలో దూసుకుపోతుంది. అయినా దాని పనితనాన్ని మేము కొలిచేది ఆదర్శమైన, ఎంట్రోపీ (శక్తి ఎంతగా చెదిరిపోయిందో చెప్పే కొలత) మారని వ్యాకోచంతో పోల్చే. మాస్టారు చెప్పిన రెండు గడియారాల లెక్క ఇక్కడా వర్తిస్తుందని అర్థమైంది, ఒక్క చోట తప్ప. నాజిల్లో ఆవిరి సంతృప్త స్థితిని దాటిపోయినా వెంటనే బిందువులు కట్టదు. బిందువు పుట్టడానికి సమయం కావాలి, ఆ సమయం ఆవిరికి దొరకదు. కొంత దూరం పోయాక ఒక్కసారిగా మంచు కమ్మినట్టు బిందువులు ఏర్పడతాయి. ఇంజనీర్లు దీన్ని విల్సన్ బిందువు అంటారు. పీడనం సర్దుకుంటుంది, ఉష్ణోగ్రత సర్దుకుంటుంది, ద్రవంగా మారడం మాత్రం వెనకబడుతుంది.

నా అసలు ప్రశ్న వేరు. టర్బైన్ ట్రిప్ అయి ఆగిపోయినప్పుడు కాగితం ఆరబెట్టే డ్రయర్లకు ఆవిరి ఆగకూడదు కనుక దాన్ని పీఆర్‌డీఎస్ గుండా మళ్ళిస్తాం, అంటే పీడనం తగ్గించే వాల్వు, దాని వెనుక నీళ్ళు చిలకరించే గొట్టం. ఉదాహరణకు 40 బార్, 400 డిగ్రీల ఆవిరి 4 బార్‌కు దిగిందనుకోండి. వాల్వులో ఎంథాల్పీ (ప్రవాహంలో ఆవిరి మోసుకుపోయే శక్తి) మారదు కనుక ఆవిరి దాదాపు 370 డిగ్రీల దగ్గరే బయటికి వస్తుంది. డ్రయర్లకు కావలసింది 144 డిగ్రీల సంతృప్త ఆవిరి, అందుకే నీళ్ళు చిలకరించాలి. అదే ఆవిరి ఆదర్శ టర్బైన్ గుండా దిగి ఉంటే కిలోకు సుమారు 525 కిలోజౌళ్ళ పని ఇచ్చి ఉండేది. ఆ వాల్వును నేను కొద్దికొద్దిగా, అతి మెల్లగా తెరిస్తే నష్టం తగ్గుతుందా? మెల్లగా చేస్తే నష్టం పోతుందని కదా ఇక్కడ అంటున్నారు.

బరంపురం పరిశోధక:

తగ్గదు. విద్యార్థి తమ్ముడు అడిగిన ఉదాహరణ కూడా మీ వాల్వులోనే ఉంది. ప్రక్రియ మెల్లగా జరగడానికి రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. తోసే బలం చిన్నది కావడం ఒక కారణం. తోసే బలం పెద్దదే అయినా దారికి అడ్డం పడటం రెండో కారణం. గడియారానికి ఈ రెండూ ఒకటే. ఎంట్రోపీకి కావు.

వెయ్యి జౌళ్ళ వేడి 400 కెల్విన్‌ల వస్తువు నుంచి 300 కెల్విన్‌ల వస్తువుకు పోతుందనుకోండి, రెండూ తమ ఉష్ణోగ్రత మారనంత పెద్దవి. వేడి వస్తువు పోగొట్టుకున్న ఎంట్రోపీ 2.50, చల్లటిది పొందినది 3.33, విశ్వానికి చేరిన అదనం కెల్విన్‌కు 0.83 జౌళ్ళు. మధ్యలో లావుపాటి రాగి కడ్డీ పెడితే ఆ వేడి ఒక సెకనులో పోవచ్చు, థర్మకోల్ దిమ్మ పెడితే ఒక రోజు పట్టవచ్చు. 0.83లో ఒక్క వంతు కూడా తేడా రాదు. థర్మకోల్ అడ్డుగా ఉన్నప్పుడు రెండు వస్తువులూ విడివిడిగా ప్రతి క్షణం తమ తమ సమతాస్థితిలోనే ఉంటాయి, వాటి వైపు నుంచి చూస్తే అది క్వాసీ స్టాటిక్ ప్రక్రియే. కాని ఉత్క్రమణీయం ఎంత మాత్రమూ కాదు.

అలా కాక ఆ రెండు వస్తువుల ఉష్ణోగ్రతల తేడానే నూరు నుంచి ఒక కెల్విన్‌కు తగ్గిస్తే, అదే రాగి కడ్డీలో అదే వెయ్యి జౌళ్ళు పోవడానికి నూరు రెట్లు ఎక్కువ కాలం పడుతుంది, పుట్టే ఎంట్రోపీ కూడా సుమారు నూరో వంతుకు పడిపోతుంది. మెల్లదనం ఇక్కడ కారణం కాదు, ఫలితం. తేడాను చిన్నది చేశాం కనుక మెల్లగా జరిగింది.

మీ వాల్వును కొంచెమే తెరిచినా 40 బార్‌కూ 4 బార్‌కూ మధ్య తేడా అలాగే ఉంటుంది. పోయే ఆవిరి తగ్గుతుంది కనుక గంటకు పోయే నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది, కిలో ఆవిరికి లెక్క కడితే అంతే. జౌల్, థామ్సన్ 1850ల ప్రయోగాల్లో రంధ్రాల దిమ్మ గుండా వాయువును ఎంతో నిదానంగా పంపారు, అది థ్రాట్లింగ్‌కు, అంటే ఇరుకు దారి గుండా పంపి పీడనం తగ్గించడానికి, పాఠ్యపుస్తకాలన్నిటిలోనూ ఉన్న ఉదాహరణ. అంత నిదానం కూడా దాన్ని ఉత్క్రమణీయం చేయలేదు.

సునాబేడ ఇంజన్లు:

ఘర్షణ సంగతేమిటి? పిస్టన్ రింగు సిలిండరు గోడను రాసుకుంటుంది. మెల్లగా కదిపితే ఆ నష్టం పోతుందా, ఉంటుందా?

బరంపురం పరిశోధక:

రెండు రకాలుగానూ ఉంటుంది. నూనె పొర మీద జారే పిస్టన్‌కు ఎదురయ్యే బలం వేగంతో పాటు తగ్గుతుంది. వేగాన్ని సగం చేస్తే అదే దూరానికి పోయే నష్టం సగమవుతుంది, అంటే మెల్లదనానికి లొంగుతుంది. పొడి ఘర్షణ వేగాన్ని పట్టించుకోదు. ఎంత మెల్లగా లాగినా అదే బలం, అదే దూరం, అదే నష్టం. విద్యార్థి తమ్ముడి ఇసుక పిస్టన్‌కు పొడి ఘర్షణ ఉంటే, వాయువు మాత్రం గ్రాఫు మీది గీతను తు.చ. తప్పకుండా అనుసరిస్తుంది, పీడనాన్ని ఘనపరిమాణంతో సమాకలనం చేస్తే వాయువు చేసిన పని సరిగ్గానే వస్తుంది. అయితే అందులో కొంత గోడ దగ్గరే వేడిగా మారి, బరువును ఎత్తడానికి అందదు. పరీక్షకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మాచ్‌ఖండ్ లైను:

విద్యుత్తు వైపు నుంచి ఒక్క మాట చేరుస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ కోరులోనూ సరిగ్గా ఈ రెండు రకాలే కనిపిస్తాయి. ఎడ్డీ కరెంటు (కోరు లోహంలో సుడులుగా పుట్టే విద్యుత్తు) వల్ల ఒక్కో ఆవృత్తానికి పోయే శక్తి పౌనఃపున్యంతో పాటు తగ్గుతూ సున్నా వైపు పోతుంది. హిస్టరిసిస్ (కోరు అయస్కాంతత్వం బయటి క్షేత్రం కంటే వెనకబడి, గ్రాఫు మీద ఒక వలయం గీయడం) వల్ల ఒక్కో ఆవృత్తానికి పోయే శక్తి మాత్రం ఎంత నెమ్మదిగా తిప్పినా ఆ వలయం వైశాల్యం కంటే తగ్గదు. కోరుకు సిలికాన్ కలిపిన ఉక్కునే వాడటంలో ఆ వలయాన్ని సన్నం చేయడం ఒక ఉద్దేశం, పలుచని రేకులుగా కోయడం ఎడ్డీ కరెంటు కోసం. రెండు జబ్బులకు రెండు మందులు.

ఛత్రపురం ఉప్పు:

నాకు సమీకరణాలు రావు గాని చర్చ మొత్తం చదివాను. మాది గంజాం వైపు ఉప్పు మడుల పని. సముద్రపు నీరు మడి నుంచి మడికి మారుతూ, బోమే డిగ్రీ (ఉప్పు నీటి చిక్కదనం కొలత) పెరుగుతూ, 25 దగ్గరికి వచ్చేసరికి ఉప్పు గింజ కట్టడం మొదలవుతుంది. 29 దాటకముందే మిగిలిన చేదు నీటిని వదిలేస్తాం. వారాల తరబడి ఎండలో ఇంకే ఈ నీటి కంటే మెల్లని పని నేనెరుగను. ఇది మీ లెక్కలో ఏ రకం? ఇంకొక సంగతి, గాలిలో తేమ బాగా ఉన్న రోజుల్లో గట్టు మీద పోసిన ఉప్పు కుప్ప చెమర్చి కారిపోతుంది. ఒకే నీరు ఒక రోజు ఉప్పును వదిలి గాలిలోకి పోతుంది, ఇంకో రోజు గాలిని వదిలి ఉప్పులోకి వస్తుంది. వెనక్కి తిరిగింది కనుక దీన్ని ఉత్క్రమణీయం అనవచ్చా?

బరంపురం పరిశోధక:

మీరు చెప్పిన రెండో సంగతి ఈ చర్చలో వచ్చిన ఉదాహరణలన్నిటి కంటే సూటిగా ఉంది, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

సంతృప్త ఉప్పు నీటి మీద నీటి ఆవిరి పీడనం, మంచి నీటి మీద ఉండేదానిలో సుమారు 75 శాతమే. కాబట్టి గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దగ్గర ఉన్నప్పుడు, మడిలోని ఉప్పు నీరూ పైనున్న గాలీ సమతాస్థితిలో ఉంటాయి. ఆర్ద్రత అంతకు ఒక వెంట్రుకవాసి తగ్గితే నీరు ఇగురుతుంది, వెంట్రుకవాసి పెరిగితే ఉప్పు చెమర్చుతుంది. అతి చిన్న మార్పుతో దిశ తిరగబడటమే ఉత్క్రమణీయతకు గుర్తు. ఆ 75 శాతం గీత దగ్గర మీ మడి నిజంగానే ఉత్క్రమణీయ ప్రక్రియకు దగ్గరగా ఉంటుంది. కాని ఆ రోజున మీ మడిలో ఉప్పు కూడా దాదాపు పెరగదు.

ఎండ కాసి గాలి 60 శాతానికి ఆరిన రోజున మీకు ఉప్పు పండుతుంది, ఎందుకంటే 75కూ 60కూ మధ్య తేడా నీటిని బయటికి తోస్తోంది. ఆ తేడా వల్ల 18 గ్రాముల నీటికి సుమారు 560 జౌళ్ళ పని, రాబట్టగలిగి ఉండీ ఎవరికీ అందకుండా పోతుంది. అది వారాల పాటు మెల్లగా జరిగినా అనుత్క్రమణీయమే. మరో రోజు ఉప్పు చెమర్చితే అది వేరే తేడాతో, వేరే నష్టంతో జరిగిన వేరే ప్రక్రియ. నీరు తిరిగి వచ్చింది గాని పోయిన 560 జౌళ్ళు తిరిగి రాలేదు. చేదు నీటిని 29 దగ్గర వదిలేయడానికి కారణం కూడా ఈ లెక్కలోనే కొంత ఉంది. అందులో మిగిలేది ఎక్కువగా మెగ్నీషియం లవణాలు. సంతృప్త మెగ్నీషియం క్లోరైడు నీటికి ఆ 75 శాతం గీత 33 దగ్గరికి దిగిపోతుంది. మన తీరాన గాలి అంత పొడిగా ఉండదు కనుక ఆ నీటిని ఎంత ఎండలో పెట్టినా పూర్తిగా ఆరదు, ఉప్పుకు అంటుకుని ఉండిపోతే ఉప్పును కూడా ఎప్పుడూ తడిగానే ఉంచుతుంది.

రాయగడ బాయిలర్:

అయితే ఉత్క్రమణీయ యంత్రం అంటే పనిచేయని యంత్రమని తేలింది. నష్టం లేకుండా నడపాలంటే తేడా ఉండకూడదు, తేడా లేకపోతే ఏదీ కదలదు. మా మేనేజరు గారికి కావలసింది ఇన్ని మెగావాట్లని, ఎన్ని యుగాలకైనా సరే పూర్తి దక్షత అని కాదు.

బరంపురం పరిశోధక:

సరిగ్గా ఆ ప్రశ్ననే 1975లో కర్జన్, ఆల్‌బోర్న్ అనే ఇద్దరు అడిగారు. అణు విద్యుత్తు కేంద్రాల సందర్భంలో నోవికోవ్ 1957లోనే దాని దగ్గరికి వచ్చాడు. కార్నో యంత్రం దక్షతలో మొదటిది, సామర్థ్యంలో, అంటే సెకనుకు చేసే పనిలో, సున్నా. ఉష్ణాశయానికీ యంత్రానికీ మధ్య ఉష్ణోగ్రతా భేదం తప్పనిసరి అని ఒప్పుకుని, గరిష్ఠ సామర్థ్యం వచ్చేటప్పుడు దక్షత ఎంత అని లెక్కిస్తే, చల్లటి, వేడి ఉష్ణోగ్రతల నిష్పత్తికి బదులు దాని వర్గమూలాన్ని ఒకటి నుంచి తీసివేస్తే చాలునని తేలింది. ఇంగ్లండులోని వెస్ట్ థరక్ బొగ్గు విద్యుత్ కేంద్రం 565 డిగ్రీలకూ 25 డిగ్రీలకూ మధ్య నడిచేది. కార్నో లెక్క ప్రకారం 64 శాతం రావాలి, వర్గమూలం లెక్క ప్రకారం 40 శాతం, అసలు వచ్చింది 36 శాతం.

మెల్లదనానికి చెల్లించే ధర కూడా చాలా సందర్భాల్లో తేలికైన నియమాన్నే పాటిస్తుంది: ప్రక్రియకు ఇచ్చే కాలం రెట్టింపయితే అదనపు నష్టం సగమవుతుంది. ఒక బిట్ సమాచారాన్ని చెరిపేయడానికి కనీసం ఇంత వేడి వెలువడక తప్పదని లాండవర్ 1961లో చెప్పిన హద్దు, 300 కెల్విన్‌ల దగ్గర జౌల్‌లో ముప్పై ఐదు లక్షల కోట్ల కోట్ల వంతు స్థాయిది. 2012లో లేజరు కాంతి బోనులో ఒక చిన్న పూసను పెట్టి చేసిన ప్రయోగంలో, చెరిపే పనిని నిదానం చేసే కొద్దీ వెలువడే వేడి ఆ హద్దు వైపే తగ్గుతూ వచ్చింది.

జయపురం మాస్టారు:

అమ్మా, వర్గమూలం సూత్రాన్ని పిల్లలు రెండో కార్నో సిద్ధాంతంగా కంఠస్థం చేసేస్తారేమోనని ఒక హెచ్చరిక చేరుస్తున్నాను. కార్నో హద్దు ఏ యంత్రానికైనా, ఏ పదార్థానికైనా వర్తిస్తుంది. కర్జన్, ఆల్‌బోర్న్ సూత్రం మాత్రం వేడి ఏ నియమం ప్రకారం పారుతుందని మనం ఊహించామన్న దాని మీద ఆధారపడింది. ఊహను మారిస్తే సూత్రమూ మారుతుంది. వెస్ట్ థరక్ అంకెలు దగ్గరగా రావడం ముచ్చటగానే ఉంటుంది, అంతమాత్రం చేత దాన్ని నియమమని అనలేం.

రాయగడ మిత్రుడికి ఒక మాట. మీ వృత్తిలోనే క్వాసీ స్టాటిక్ ఆలోచనను డబ్బుగా మార్చిన పరికరం ఒకటి ఉంది. పెద్ద విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్‌కు పోయే నీటిని ఒకేసారి వేడి చేయరు, టర్బైన్ నుంచి వేర్వేరు పీడనాల దగ్గర తీసిన ఆవిరితో వరుసగా అనేక హీటర్లలో వేడి చేస్తారు. ఒక కిలో నీటిని 300 నుంచి 360 కెల్విన్‌లకు ఒకే ఉష్ణాశయంతో వేడి చేస్తే పుట్టే ఎంట్రోపీ కెల్విన్‌కు 65.5 జౌళ్ళు. మధ్యలో 330 దగ్గర ఇంకొకటి పెడితే 33.8కి, నాలుగు ఉష్ణాశయాలు పెడితే 17.2కి దిగుతుంది. హీటర్ల సంఖ్య రెట్టింపయినప్పుడల్లా నష్టం దాదాపు సగమవుతోంది.

రాయగడ బాయిలర్:

ఆ లెక్కను బట్టే హీటర్ల సంఖ్యకు హద్దు ఎందుకు ఉందో కూడా తెలుస్తోంది. ఒకటి నుంచి రెండుకు పోతే 32 మిగిలాయి, రెండు నుంచి నాలుగుకు పోతే 17 కూడా లేవు, నాలుగు నుంచి ఎనిమిదికి పోతే ఎనిమిదో తొమ్మిదో మిగులుతాయి. హీటరు ధర, గొట్టాల ధర, లీకుల బాధ మాత్రం ప్రతిదానికీ ఒకటే. మా మిల్లు లాంటి చోట్ల, ఆవిరిలో ఎక్కువ భాగం ఎలాగూ డ్రయర్లకే పోతుంది కనుక, ఒకటి రెండు హీటర్లతో సరిపెట్టుకోవడం తెలివితక్కువేమీ కాదు.

పర్లాకిమిడి విద్యార్థి:

అందరికీ కృతజ్ఞతలు. పరీక్షలో ఇలా రాయాలనుకుంటున్నాను, దయచేసి సరిచూడండి.

క్వాసీ స్టాటిక్ ప్రక్రియలో వ్యవస్థ సమతాస్థితుల వరుస గుండా సాగుతుంది. దీనికి బయటి మార్పు వేగం, వ్యవస్థ సర్దుకునే వేగంతో పోలిస్తే చాలా తక్కువగా ఉండాలి. ఉత్క్రమణీయ ప్రక్రియకు ఇది అవసరం, కాని ఇది ఒక్కటే చాలదు. పొడి ఘర్షణ, హిస్టరిసిస్ లాంటివి ఉండకూడదు, వ్యవస్థకూ పరిసరాలకూ మధ్య పీడనంలో గాని ఉష్ణోగ్రతలో గాని చెప్పుకోదగ్గ తేడా ఉండకూడదు. ఉత్క్రమణీయ ప్రక్రియలో వ్యవస్థ ఎంట్రోపీ మారదు. పొడి ఘర్షణ ఉన్న పిస్టన్‌ను మెల్లగా కదపడం, థర్మకోల్ గుండా వేడి పారడం క్వాసీ స్టాటిక్ అయినా ఉత్క్రమణీయం కాని ప్రక్రియలకు ఉదాహరణలు.

జయపురం మాస్టారు:

ఐదో వాక్యాన్ని మార్చండి బాబూ. వ్యవస్థ ఎంట్రోపీ మారకపోవడం ఉత్క్రమణీయమైన స్థిరోష్ణక ప్రక్రియకే వర్తిస్తుంది. నేను మొదట ఇచ్చిన సమోష్ణోగ్రతా వ్యాకోచంలో వాయువు ఎంట్రోపీ కెల్విన్‌కు 5.76 జౌళ్ళు పెరుగుతుంది, ఉష్ణాశయం ఎంట్రోపీ సరిగ్గా అంతే తగ్గుతుంది. మారనిది ఆ రెండింటి మొత్తం. థర్మకోల్ ఉదాహరణలో కూడా రెండు వస్తువులూ విడివిడిగా చూస్తేనే క్వాసీ స్టాటిక్ అని ఒక మాట చేర్చండి. థర్మకోల్ దిమ్మ లోపల ఒక వైపు 400, మరో వైపు 300 కెల్విన్‌లు ఉన్నాయి కనుక దాన్ని కూడా వ్యవస్థలో కలుపుకుంటే, ఆ మొత్తం ఏ క్షణంలోనూ సమతాస్థితిలో లేదు.